మాటు అంటనంటోందా?

రాగి పట్టీ చుట్టిన రంగుటద్దాలను అతికించేటప్పుడు ఎదురయ్యే చిక్కులు... కళాయి కొలిమి దగ్గర దొరికిన జవాబులు!

విజయనగరంలో మా తాతగారి ఇల్లు పడగొట్టిన రోజు అమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. గుమ్మాలు ఒకరు కొనుక్కున్నారు. దూలాలు ఇంకొకరు బండికెత్తుకుపోయారు. కిటికీల ఊచలు తూకానికి పోయాయి. అంతా అయిపోయాక మేస్త్రీ దగ్గరకెళ్లి, 'వీధి తలుపు మీదుండే రంగుటద్దాలు ఏం చేశారు బాబూ?' అంది. అతను ఇసక కుప్ప పక్కన పడున్న గోనెసంచి చూపించాడు.

ఇంటికి తెచ్చి పాత దుప్పటి మీద పరిచి చూశాం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ఒక్కటంటే ఒక్కటి నిండుగా లేదు. లెక్కపెడితే ఇరవై మూడు ముక్కలు.

పాత మేడల్లో పెరిగినవాళ్లకు వీటి గురించి చెప్పక్కర్లేదు. తలుపు నెత్తిన అర్ధచంద్రంలా అమర్చేవారు. మా తాతగారిది పడమటి గుమ్మం. సాయంత్రం నాలుగింటికి ఎండ ఆ అద్దాల మీద పడితే సావిట్లో గచ్చంతా రంగులు పరుచుకునేవి. చిన్నప్పుడు అమ్మా, పిన్నీ ఆ రంగుల మీద గెంతుతూ ఆడుకునేవారట. ఎరుపు మీద కాలు పడితే ఓడిపోయినట్టు!

'వీటిని మళ్లీ అతికించగలవా?' అని అమ్మ అడిగింది. ఆదివారం ఆదివారం చేతిపనుల గురించి ఊరందరికీ చెప్పేదాన్ని కదా... 'ఓ, అదెంత పని!' అనేశాను. అది ఎంత పనో రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు.

ఏమిటీ రాగి పట్టీ?

రంగుటద్దాల ముక్కలను కలిపి బొమ్మగా కూర్చడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది సీసపు పట్టీల పద్ధతి. ఐరోపా చర్చిల్లో వందల ఏళ్ల కిందటి నుంచీ ఉంది. రెండువైపులా గాడి ఉన్న సీసపు పట్టీల్లో అద్దాలను దూర్చి, పట్టీలు కలిసేచోట మాటు వేస్తారు. పెద్ద కిటికీలకు సాధారణంగా ఇదే పద్ధతి. మన తెలుగునాట రంగుటద్దాల అందం చూడాలంటే మెదక్ చర్చికి వెళ్లాలి. 1924లో ప్రారంభమైన ఆ చర్చిలోని కిటికీలకు ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపమిచ్చాడు. లోపల నిలబడి ఎండ వాలేటప్పుడు చూస్తే ఆ అందమేమిటో అర్థమవుతుంది.

రెండోది రాగి పట్టీ పద్ధతి. అమెరికాలో లూయీ కంఫర్ట్ టిఫనీ (1848-1933) పేరుతో ప్రసిద్ధమైంది. గోరంత ముక్కలను కూడా కలపొచ్చు కాబట్టి, గుండ్రటి దీపపు గొడుగులకు ఇది బాగా కుదిరింది. టిఫనీ దీపాలంటే నేటికీ వేలంపాటల్లో కళ్లు తిరిగే ధర పలుకుతాయి. ఇంకో సంగతి... వాటిలో ఎన్నో దీపాలకు రూపమిచ్చింది టిఫనీ కాదు, అతని దగ్గర మహిళా విభాగాన్ని నడిపిన క్లారా డ్రిస్కోల్. ఆమె ఇంటికి రాసుకున్న ఉత్తరాలు బయటపడ్డాక గానీ ఈ విషయం లోకానికి తెలియలేదు. 2007లో న్యూయార్క్‌లో ఆమె పేరు మీద పెద్ద ప్రదర్శనే పెట్టారు.

పద్ధతి వినడానికి తేలికే. అద్దం ముక్క అంచులను నున్నగా అరగదీస్తాం. వెనక జిగురున్న పల్చటి రాగి పట్టీని అంచు చుట్టూ అంటిస్తాం. మామూలు 3 మిల్లీమీటర్ల అద్దానికి సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ సరిపోతుంది. రెండువైపులా మిల్లీమీటరుకు కాస్త పైన మడతపడుతుంది. ముక్కలను పక్కపక్కన పేర్చి, రాగి మీద ఫ్లక్స్ పూసి, సోల్డర్ కరిగించి కలుపుతాం. గాజుకు సోల్డర్ అంటదు, రాగికి అంటుతుంది. అంటే ఆ పట్టీ గాజుకూ లోహానికీ మధ్య పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట!

తామరాకు మీద నీటి బొట్టు

విశాఖలో రెండు రోజుల క్లాసుకెళ్లి నేర్చుకున్నాను. ఇంటికొచ్చి, అమ్మ అద్దాలను ముట్టుకోకుండా మామూలు కిటికీ అద్దం ముక్కల మీద మొదలుపెట్టాను. ఆ ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

కాడ దగ్గరే పొరపాటు జరిగింది. రేడియో, టీవీ సామాను అమ్మే కొట్లో 25 వాట్ల సోల్డరింగ్ కాడ తీసుకున్నాను. చిన్నదైతే గాజు పగలదు, భద్రం అనుకున్నాను. సోల్డర్ చుట్ట కూడా అక్కడే కొన్నాను.

ఏమైందంటారా? కరిగిన సోల్డర్ రాగి మీద తామరాకు మీద నీటి బొట్టులా దొర్లిపోయింది. అంటుకున్న చోట ముద్దలు కట్టింది. కాడ పైకి తీస్తే కొసలు ముళ్లలా లేచాయి. ఒకచోట సందులోంచి కారి వెనక్కి పోయింది. ఇంకోచోట పట్టీయే ఊడి చేతికొచ్చింది. మూడోరోజు రాత్రి 'టప్'మని శబ్దం వచ్చింది. కాడ ఒకేచోట ఆనించి ఉంచానేమో, ఆ ముక్క అడ్డంగా చిట్లింది.

పక్కనే దుప్పటి మీద అమ్మ ఎర్ర అద్దం ఉంది. అది చిట్లితే? అలాంటిది ఏ కొట్లోనూ దొరకదు. కాడ ప్లగ్గు పీకేసి లేచిపోయాను.

బుడితి గుండిగ... తాత కొలిమి

జవాబు నేను వెతికిన చోట దొరకలేదు. అమ్మ గుండిగలో దొరికింది.

అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ అది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితిలో చేసింది. ఇత్తడి, కంచు సామానుకు బుడితి పెట్టింది పేరని మనవైపు ఎవర్నడిగినా చెబుతారు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. స్టీలు గిన్నెలొచ్చాక అటకెక్కిన గుండిగను, ఇత్తడిలో వండుకోవడం మళ్లీ మొదలయ్యాక అమ్మ కిందికి దించింది. లోపల కళాయి పోయి పసుపుపచ్చగా ఇత్తడి కనిపిస్తోంది. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే కిలుం దిగుతుంది కదా! కళాయి పెట్టించుకు రమ్మని పంపింది.

ఒకప్పుడు 'గిన్నెలకు మాట్లేస్తాం... కళాయి పెడతాం' అంటూ వీధిలోకే వచ్చేవారు. ఇప్పుడు మనమే వెతుక్కోవాలి. బజారు వెనక సందులో ఒక తాత దొరికాడు. డెబ్భై దాటి ఉంటాయి. నేల మీద చిన్న కొలిమి, బొగ్గులు, తగరపు కడ్డీ, పొట్లంలో తెల్లటి నవసాగరం, చేతిలో దూదిముద్ద. అంతే సరంజామా.

ముందు గుండిగ లోపలంతా తోమితోమి మెరిపించాడు. తర్వాత బొగ్గుల మీద తిప్పుతూ కాల్చాడు. చాలాసేపు అసలు తగరం జోలికే పోలేదు. గిన్నె కాలాక నవసాగరం చిటికెడు చల్లాడు. గుప్పున తెల్లటి పొగ. తగరపు కడ్డీ కొస తాకించాడు. వెన్నలా కరిగింది. దూదితో ఒక్క తిప్పు తిప్పాడు. పసుపు రంగు గుండిగ లోపల వెండి పూసినట్టు తళతళలాడింది!

నా సంచిలో చిట్లిన ముక్కా, ముద్దలు కట్టిన సోల్డరూ ఉన్నాయి. సిగ్గుపడుతూనే చూపించాను. తాత వాటిని తిప్పితిప్పి చూశాడు.

'ఏటమ్మా, మాటుని కాల్చినావు. రాగిని కాల్చనేదు' అన్నాడు.

'అంటే ఏంటి తాతా?'

'ఏటంటే ఏటి సెప్తాను? నాను తగరాన్ని కాల్చినానా? గిన్నెని కాల్చినాను. గిన్నె కాల్తే తగరం దానంతటదే పారతాది. గిన్నె సల్లగుంటే ముద్దయిపోద్ది. మురికుంటే అసలు అంటదు. మూడే మూడు తల్లీ... సుబ్బరం, నవసాగరం, యేడి. ఒకటి తక్కువైనా నీ మాట ఇనదు.'

ఈ మూడు మాటలు రాసుకుని ఇంటికొచ్చాను. ఇక కింద చెప్పేదంతా ఆ మూడు మాటల విస్తరణే.

ఎందుకు అంటదంటే...

రాగిని గాలిలో ఉంచితే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. కంటికి కాస్త నల్లబడినట్టు కనిపిస్తుంది, అంతే. కానీ కరిగిన సోల్డర్ ఆ పొరకు అంటదు. అసలు రాగి తగిలితేనే పరుచుకుంటుంది. ఆ పొరను తీసేయడమే ఫ్లక్స్ పని. కళాయి తాత చల్లే నవసాగరం చేసేదీ అదే. నవసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడెక్కితే విడిపోయి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులవుతాయి. ఆ రెండో వాయువు లోహం మీది ఆక్సైడ్‌ను తినేస్తుంది. అద్దాల పనికి దొరికే ఫ్లక్సుల్లో చాలావాటిలో ఉండే జింక్ క్లోరైడ్ కూడా ఇదే పని చేస్తుంది. టిఫనీ దీపమైనా, బుడితి గుండిగైనా లోపల జరిగే కథ ఒకటే!

ఏ చిక్కుకు ఏ మందు?

*సోల్డర్ దొర్లిపోతోంటే:* పట్టీ మీద మురికి గానీ, ఆక్సైడ్ గానీ ఉన్నట్టు. సన్నటి స్టీల్ ఊల్‌తో తేలికగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, కొత్తగా ఫ్లక్స్ పూయండి. మనది సముద్రం గాలి. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల్లో ఇనప గేటు ఎంత తొందరగా తుప్పు పడుతుందో తెలుసుగా! రాగి పట్టీ చుట్టను గాలి చొరని జిప్ కవర్లో పెట్టుకోండి. పట్టీ చుట్టిన ముక్కలను వారాల తరబడి వదిలేయకుండా వీలైనంత త్వరగా మాటు వేసేయండి. వేళ్లకుండే జిడ్డు కూడా శత్రువే. కొబ్బరినూనె రాసుకున్న చేత్తో పట్టీ ముట్టుకున్నారో, ఆ రోజు పని గోవిందా!

*ముద్దలు, ముళ్లు లేస్తుంటే:* వేడి చాలలేదన్నమాట. లేదా ఫ్లక్స్ ఎండిపోయింది. అదే గీత మీద మళ్లీ ఫ్లక్స్ రాసి, బాగా కాగిన కాడను ఆనించి నెమ్మదిగా, ఆగకుండా లాగండి. ముద్దలు కరిగి నున్నగా పరుచుకుంటాయి. చెడిపోయిందని ఏడవక్కర్లేదు. సోల్డర్‌లో ఉన్న సుగుణమే అది... మళ్లీ కరుగుతుంది, మళ్లీ అవకాశమిస్తుంది. కాకపోతే చల్లారనిచ్చి మొదలుపెట్టాలి.

*వెనక్కి కారిపోతుంటే:* ముక్కల మధ్య సందు ఎక్కువైంది. లేదా ఒకేచోట ఎక్కువసేపు ఉన్నారు. అసలు మందు, ముక్కలు సరిగ్గా కుదిరేలా అరగదీసుకోవడమే. తప్పనిసరైతే సందు వెనకవైపు మాస్కింగ్ టేపు అంటించి, ముందువైపు పల్చగా నింపి, చల్లారాక రెండో పూత వేయండి. ఒకేసారి కడుపు నిండా పోయకండి.

*చిటపటలాడి గుంటలు పడుతుంటే:* ఫ్లక్స్ మరీ ఎక్కువైంది. లేదా అద్దం అరగదీసినప్పటి నీళ్లు పట్టీ కింద ఉండిపోయాయి. ఆ తడి ఆవిరై సోల్డర్‌ను చీల్చుకుని పైకొస్తుంది. అద్దాలను కడిగాక బాగా ఆరనివ్వండి. ఫ్లక్స్ తడిస్తే చాలు, ఈత కొట్టనక్కర్లేదు.

*పట్టీ ఊడొస్తుంటే:* అంటించే ముందు అద్దం అంచుకు గాజు పొడి ఉండిపోయింది. సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, ఆరాకే అంటించండి. అంటించాక ప్లాస్టిక్ పెన్ను వెనకవైపుతోనో, నున్నటి పుల్లతోనో అంచులన్నీ గట్టిగా రుద్ది అణచాలి. కాడ ఒకేచోట ఎక్కువసేపు ఆనినా జిగురు కాలి పట్టీ లేస్తుంది.

*కాడ కొన నల్లబడితే:* నల్లబడిన కొన వేడిని అందించదు. తడి స్పాంజి మీద తుడిచి, వెంటనే కొద్దిగా సోల్డర్ పూసి మెరిపించాలి. దానికీ లొంగకపోతే? రంగుటద్దాల పనివాళ్లు ప్రపంచమంతా వాడే చిన్న తెల్లటి దిమ్మ ఒకటుంది. దాని మీద కాగిన కొనను సోల్డర్‌తో కలిపి రుద్దితే శుభ్రపడుతుంది. ఆ దిమ్మ ఏమిటనుకున్నారు... నవసాగరమే! తాత పొట్లంలోది పొడి, ఇది గడ్డ. అంతే తేడా.

చిన్న కాడ... పెద్ద మోసం

ఇప్పుడు నేను చేసిన పెద్ద పొరపాటు దగ్గరకొద్దాం. 25 వాట్ల కాడ రేడియోలోని చిన్న తీగలను అతకడానికి. అద్దాల మీద పొడుగాటి రాగి పట్టీని కాల్చడం దాని వల్ల కాదు. కొన ఆనించగానే దాని వేడంతా రాగి లాగేసుకుంటుంది. సోల్డర్ కరగలేదని మనం అక్కడే ఆనించి కూర్చుంటాం. ఈలోగా వేడి మెల్లమెల్లగా గాజులోకి దిగుతుంది. కాలినచోట గాజు వ్యాకోచిస్తుంది, పక్కన చల్లగా ఉన్నచోట వ్యాకోచించదు. ఆ పెనుగులాటలో గాజు చిట్లుతుంది. అంటే గాజును పగలగొట్టింది ఎక్కువ వేడి కాదు, ఎక్కువసేపు వేడి!

ఈ పనికి 80 నుంచి 100 వాట్ల కాడ కావాలి. కొన ఉలిలా చదునుగా ఉండాలి. వేడి సర్దుబాటు చేసుకునే రకమైతే 370 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య సరిపోతుంది. సోల్డర్ తాకించిన క్షణంలో కరగాలి. ఆనించాలి, లాగాలి, ముందుకు పోవాలి. ఒకే గీత మీద పదేపదే తిరగకుండా, కాసేపు ఈ మూల, కాసేపు ఆ మూల చేస్తే గాజుకు ఊపిరి తీసుకునే వీలుంటుంది.

వోల్టేజీని కూడా మర్చిపోవద్దు. వేసవి సాయంత్రాలు కొన్ని ఊళ్లలో ఫ్యాన్లు నీరసంగా తిరుగుతాయి చూడండి... అప్పుడు కాడ పరిస్థితీ అంతే. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే, 100 వాట్ల కాడ దాదాపు 60 వాట్ల కాడైపోతుంది. నిన్న చక్కగా పారిన సోల్డర్ ఈ రోజు మొరాయిస్తే మీ చేతిని తిట్టుకునే ముందు బల్బు వెలుగు చూడండి. నేను పొద్దున్నే పని చేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

తాత గుండిగను కళాయి పెట్టాక నీళ్లలో ముంచేశాడు. 'చుయ్'మని చల్లారింది. చూసొచ్చి మీరు అద్దాన్ని ముంచేరు సుమా! లోహం ఓర్చుకుంటుంది, గాజు ఓర్చుకోదు. దానంతటదే చల్లారాలి. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు.

చుట్ట మీద ఏం రాసుంది?

ఇక సోల్డర్. టీవీ రిపేరు కొట్లలో దొరికే సోల్డర్ తీగ లోపల బోలుగా ఉండి, అందులో రోజిన్ అనే బంక నింపి ఉంటుంది. అద్దం మీద అది జిగటగా, గోధుమ రంగులో అట్టకడుతుంది, ఓ పట్టాన వదలదు. అద్దాల పనికి లోపల ఏమీ లేని గట్టి తీగే అడగండి.

చుట్ట మీద 60/40 అని ఉంటే 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం అని అర్థం. ఇది 183 డిగ్రీల దగ్గర మెత్తబడి, 190కి అటూఇటుగా పూర్తిగా కరుగుతుంది. త్వరగా కరిగి త్వరగా గట్టిపడుతుంది కాబట్టి పైకి కనిపించే గీత నున్నగా, నిండుగా వస్తుంది. 50/50 రకం పూర్తిగా కరగడానికి 215 డిగ్రీల దాకా కావాలి. దీపాలకూ చిన్న వస్తువులకూ 60/40 వాడుకోవడమే సుఖం. సీసం లేని రకాలూ ఉన్నాయి. తగరంలో కొద్దిగా రాగి కలిపినవి 227 డిగ్రీల దగ్గర కరుగుతాయి. గీత అంత సులువుగా రాదు, ధర కూడా ఎక్కువే. అయినా ఇంట్లో పసిపిల్లలుంటే నేను దానికే ఓటేస్తాను.

ఎందుకో తాతే చెప్పాడు. గుండిగ చేతికిస్తూ నా సంచిలోని సోల్డర్ చుట్ట చూశాడు. 'ఇందల సీసముంటాది. అద్దానికైతే పెట్టుకో. సారు గిన్నెకి మాత్తరం దగ్గరికి రానివ్వకు. సీసం కలిపితే కళాయి సవకగా అయిపోద్ది. తిన్నోడికి రోగం వత్తాది' అన్నాడు.

అక్షరాలా నిజం. గిన్నెలకు పెట్టే కళాయి మేలిమి తగరంతోనే ఉండాలి. అందులో సీసం కలిస్తే చింతపండు పులుసుకు కరిగి కడుపులోకి పోతుంది. సీసం ఒంట్లో చేరితే అంత తేలిగ్గా పోదు. ఎదిగే పిల్లల మెదడుకు అది మరీ చేటు. గర్భిణులూ దూరంగా ఉండాలి. కళాయి పెట్టించేటప్పుడు 'అచ్చ తగరమేనా?' అని అడగడానికి మొహమాటపడకండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాడు కాదు, కడ్డీ తీసి చూపించేవాడే అసలు పనివాడు.

అద్దాల పనిలోనూ కొన్ని నియమాలు తప్పవు. వంటింటి గట్టు మీద ఈ పని చేయొద్దు. పని మధ్యలో టీ తాగడం, పకోడీ నోట్లో వేసుకోవడం కుదరదు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వేసుకున్న బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. కిటికీలు తెరిచి, పొగ మొహానికి కాకుండా బయటకు పోయేలా టేబుల్ ఫ్యాను ఓ పక్కకు పెట్టుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్లక్స్ పొగ గొంతు మండిస్తుంది.

ఆఖరి పని మరిచిపోతే...

అంతా బాగా వచ్చిందని మురిసిపోయి పడుకుంటారు. వారం తిరిగేసరికి గీతల మీద తెల్లటి బూజు! నాకూ వచ్చింది. కడగకుండా వదిలేసిన ఫ్లక్సే అందుకు కారణం. సీసం ఉన్న సోల్డరైతే ఆ తెల్లటి పొడిలో సీసం కూడా ఉండొచ్చు. పొడిగా గీకొద్దు, ఊదొద్దు. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. అసలు రాకుండా ఉండాలంటే పని ముగించిన రోజే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్, చెంచాడు వంటసోడా కలిపి రెండువైపులా శుభ్రంగా కడగండి. అద్దం పూర్తిగా చల్లారాకే సుమా! ఆరాక కొద్దిగా మైనం రుద్దితే సముద్రపు గాలికి గీతలు త్వరగా నల్లబడవు.

ఇరవై మూడు... ఇరవై నాలుగు

కొత్త కాడ కొన్నాను. మామూలు అద్దం మీద మరో పది రోజులు చేయి తిప్పుకున్నాను. అప్పుడు గానీ అమ్మ అద్దాలు ముట్టుకోలేదు. ముందు అన్నీ కాగితం మీద పేర్చి గీసుకున్నాను. కలిసేచోటల్లా ఒక్కో చుక్క మాటు వేసి కదలకుండా బిగించాను. తర్వాతే గీతలు నింపాను. నీలం, ఆకుపచ్చ, పసుపు... ఒక్కొక్కటీ కుదురుకుంటుంటే నా గుండె కూడా కుదురుకుంది.

చివరి ఎర్ర ముక్క దగ్గర... టప్!

చెయ్యి ఆగిపోయింది. తొందరపడ్డానో, పాత గాజులోనే కంటికి కనిపించని పగులుందో తెలియదు. వెంట్రుకంత గీత ఆ కొస నుంచి ఈ కొసకు. కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత చుట్టూ ఉన్న మాటు కరిగించి ఆ ముక్కను బయటకు తీశాను. పగులు వెంట రెండుగా విడదీసి, రెండింటికీ పట్టీ చుట్టి, మళ్లీ కలిపాను. పగిలిన చోట ఇంకో గీత వచ్చింది. ఇరవై మూడు ముక్కలు ఇరవై నాలుగయ్యాయి.

మా ఫ్లాటు బాల్కనీ కూడా పడమటి వైపే. అక్కడ గొలుసుతో వేలాడదీశాం. సాయంత్రం నాలుగైంది. హాల్లో టైల్స్ మీద మెల్లగా రంగులు పరుచుకున్నాయి. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే ఉండబట్టలేక, 'ఎరుపు ఒకటి పగిలిందమ్మా. అతికించాను గానీ గీత కనిపిస్తుంది' అన్నాను.

'ఎరుపే కదా! దాని మీద ఎలాగూ కాలు పెట్టకూడదు' అంది అమ్మ.

అని, కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, నీలం మీద అడుగేసింది.